నీళ్ళు చూడని ముసలి ఎలుకలు

ఆ వీధిలో ఆమెను అందరూ ఎలుకల డాక్టరమ్మ అంటారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఎవరైనా పొరపాటున జలుబుకో దగ్గుకో మందు రాయించుకుందామని వస్తే, "నేను ఎలుకల్ని తప్ప ఎవర్నీ చూడనండీ, అందులోనూ ముసలివాటినే" అని గుమ్మంలోనే చెప్పేస్తుంది. ఎలుకలకు కూడా డాక్టర్లుంటారా అని వాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. అక్కడితో వదిలేస్తే ఆమె ఆమె ఎందుకవుతుంది? వాళ్ళ వెనకాలే మెట్లు దిగి, ముసలితనంలో మెదడు ఏమవుతుందో, మతిమరుపు జబ్బు ఎక్కడ మొదలవుతుందో, చేతులు తిప్పుకుంటూ వీధి మలుపు దాకా చెబుతుంది. జలుబుతో వచ్చినవాళ్ళు తలనొప్పితో వెళ్ళిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఉత్సాహం వస్తే ఆమెను పట్టడం ఎవరి తరమూ కాదు. చేతిలో టీ గ్లాసు ఉందంటే పరిశోధన సంస్థలో ఎవరూ ఆమె పక్క కుర్చీలో కూర్చోరు. మాట మధ్యలో చెయ్యి లేస్తుంది, టీ ఎదుటివాళ్ళ ఒళ్ళో పడుతుంది, పడిన సంగతి ఆమెకు తప్ప అందరికీ తెలుస్తుంది. ముక్కుమీద ఒక కళ్ళజోడు, నెత్తిమీద ఒక కళ్ళజోడు పెట్టుకుని మూడోదానికోసం బల్ల సొరుగులన్నీ వెతుకుతుంది. అయినా ఒక ముసలి ఎలుక ఎడమ చెవిమీద చిన్న మచ్చ కొత్తగా వస్తే మాత్రం గది గుమ్మం దగ్గర్నుంచే కనిపెట్టేస్తుంది.

ఈ పిచ్చి కాలేజీలో పట్టుకుంది. ఒకరోజు లాబ్ మాస్టారు సూక్ష్మదర్శిని కింద ఒక గాజుపలక పెట్టి చూడమన్నాడు. పసుపుపచ్చ నేలమీద నల్లటి కొమ్మలూ రెమ్మలూ.

"ఈ చెట్టు బొమ్మ ఎవరు గీశారు సార్?" అని అడిగింది.

"ఎవరూ గియ్యలేదమ్మా. ఎలుక మెదడులో ఒక్క కణం అది. కొమ్మలమీద చిన్న చిన్న మొగ్గలున్నాయి చూశావా? ఒక కణం మాట ఇంకో కణానికి అందేది అక్కడే."

తర్వాత ఇంకో పలక పెట్టాడు. అది ముసలి ఎలుకది. కొమ్మలు ఉన్నాయి, మొగ్గలు చాలామటుకు రాలిపోయాయి.

"ఇవి మళ్ళీ మొలవవా సార్?"

"మొలవవు. మొలవగా ఎవరూ చూడలేదు."

మొలవకపోవడం వేరు, ఎవరూ చూడకపోవడం వేరు కదా అని ఆ పిల్ల అక్కడే పట్టుకుంది. ఆ రోజు బస్సు ఎక్కడం మరిచిపోయి ఇంటిదాకా నడిచే వెళ్ళింది. మిగతా జీవితమంతా ఆ ఒక్క ప్రశ్న వెంటే నడిచింది.

తోటివాళ్ళందరూ కుర్ర ఎలుకలతో పని పెట్టుకున్నారు. అవి త్వరగా పెరుగుతాయి, ఫలితాలు త్వరగా వస్తాయి, పదవులూ త్వరగానే వస్తాయి. ముసలి ఎలుక అలా కాదు. దాన్ని కంగారుపెట్టి తయారుచెయ్యలేం. రెండేళ్ళకు పైగా తిండి పెట్టి, నీళ్ళు పెట్టి, జబ్బు చెయ్యకుండా కాపాడి, ముసలిది అయ్యేదాకా ఎదురుచూడాలి. ఆమెతో చదివినవాళ్ళు శాఖాధిపతులై కుర్చీల్లో వెనక్కి వాలేనాటికి ఆమె ఎలుకలు ఇంకా నడివయసులోనే ఉన్నాయి. ఆమెకు అది ఏమాత్రం నామోషీగా తోచలేదు.

చివరికి ఒక మందుమీద ఆశ పెట్టుకుంది. తెల్లటి పొడి, మేతలో కలిపి పెట్టేది. దాంతో రాలిన మొగ్గలు మొలుస్తాయని ఆమె నమ్మకం. అది తేల్చడానికి ఒక పరీక్ష పెట్టింది: పెద్ద గుండ్రటి తొట్టి, అందులో తెల్లరంగు కలిపిన గోరువెచ్చని నీళ్ళు, నీటి అడుగున కనబడకుండా ఒక చిన్న పీట. ఎలుకను నీళ్ళలో వదిలితే అది ఈదుతుంది. చుట్టూ గోడలమీది బొమ్మల్ని గుర్తుపెట్టుకుని పీట ఎక్కడుందో పట్టుకుంటే గట్టెక్కినట్టు. లాబ్‌లో అందరూ ఆ తొట్టిని సముద్రం అంటారు. ముసలి ఎలుకలు అపురూపం కనుక ప్రతి నెలా అవే ఎలుకల్ని, అదే సముద్రంలో, అదే పీట దగ్గరికి ఈదించేవారు. వాటిలో సగానికి మందు, సగానికి వట్టి మేత. ఏది దేనికి పెట్టారో ఈదించేవాళ్ళకు తెలియకూడదు. తెలిస్తే ఆశ చేతిని అటు లాగుతుంది. ఆ గుట్టు ఒక్క లెక్కలాయన దగ్గరే ఉండేది. ఆయన సంస్థలో గణాంకాలు చూసే మనిషి, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

ఇవి కాక మూలగదిలో మరికొన్ని ఎలుకలుండేవి. అవీ ఆ విడతవే, ఆ తల్లుల పిల్లలే. మధ్యలో కొన్ని చచ్చిపోతే వాడుకుందామని అట్టేపెట్టినవి. ఆ అవసరం రాలేదు. నీళ్ళంటే ఏమిటో చూడకుండా తిని పడుకుంటూ ముసలివైపోయాయి. వాటికి సోమరులని పేరు పెట్టారు.

గుట్టు విప్పిన రోజు ఆమె కొత్త చీర కట్టుకుని వెళ్ళింది. లెక్కలాయన కాగితం చూసి గొంతు సవరించుకున్నాడు. మందు తిన్నవీ తిననివీ ఒక్కలాగే ఈదాయి. రెండు గుంపులూ బాగానే ఈదాయి, కానీ మధ్యలో వెంట్రుకవాసి తేడా లేదు.

"ఈ విడత ఎలుకలు పుట్టుకతోనే గట్టి పిండాలండీ. మందు గొప్పేం లేదు" అన్నాడాయన.

ఏళ్ళ తరబడి పడిన పాటు బూడిదలో పోసిన పన్నీరయింది. సంస్థ డైరెక్టరు మంచావిడే, కానీ గదులు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. "మీ పంజరాల గదులు ఖాళీ చేసి చేపలమీద పనిచేసేవాళ్ళకు ఇచ్చేద్దాం. మీరు పాఠాలు చెప్పుకుంటూ హాయిగా ఉండండి" అంది. ముందుగా ఖాళీ అయ్యేది మూలగది. మర్నాడు పొద్దున్నే సోమరుల్ని వేరే ఊరి సంస్థకు పంపించేస్తామని పంజరాల మేనేజరు చెప్పింది. ఎలుకల డాక్టరమ్మ నోరు మెదపకుండా తల ఊపింది. ఆమె నోరు మెదపలేదంటే ఎంత దెబ్బ తగిలిందో అక్కడివాళ్ళందరికీ అర్థమైంది.

ఇంట్లో ముగ్గురు. ఆమె, ఆమె భర్త, ఆయన తల్లి. భర్త బడిలో డ్రిల్లు మాస్టారు. అత్తగారు ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, తీగలు గుచ్చుతూ తీస్తూ, ఊళ్ళో ఎవరి నంబరు ఎంతో పుస్తకం చూడకుండా చెప్పిన మనిషి. డాక్టరు నంబరు, ఫైరింజను నంబరు, ఎవరి ప్రేమ ఎవరితో నడుస్తోందో ఆ రెండు నంబర్లూ కూడా ఆవిడ నాలుక చివర ఉండేవి. ఇప్పుడు అదే మనిషి పొయ్యిమీద పాలు పెట్టి, పెట్టానని మరిచిపోతున్నారు. కొన్ని రోజులు పొద్దున్నే కోడలి ముఖంలోకి తేరిపార చూసి, "డాక్టరమ్మగారూ, మా కోడలు ఇంకా లేవలేదాండీ?" అని అడుగుతున్నారు. ముసలి మెదళ్ళమీద జీవితం ధారపోసిన మనిషికి, సొంత ఇంట్లో ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. ఎన్నాళ్ళు గుర్తుంటాను నేను ఈవిడకి అని భయం వేసేది.

అందుకని ఇంట్లో కూడా ఒక పరీక్ష పెట్టింది. పొద్దున టీతోపాటు మూడు మాటలు చెబుతుంది: బల్ల, గొడుగు, నాణెం. ఫలహారం అయ్యాక అడుగుతుంది. మొదట్లో అత్తగారు ఒక్కటీ చెప్పలేకపోయేవారు, ఆమె పైకి నవ్వేసేది.

"మా అమ్మని కూడా ఎలుకని చేసేశావా?" అనేవాడు డ్రిల్లు మాస్టారు.

"మీ అమ్మగారికి ఈత కూడా నేర్పిస్తాను, ఉండండి" అనేది ఆమె.

మందు ఓడిపోయిన మర్నాడు పొద్దున ఆమె ఏ మాటలూ చెప్పలేదు, ఏమీ అడగలేదు. టీ గ్లాసు పట్టుకుని గోడవైపు చూస్తూ కూర్చుంది. అత్తగారు కాసేపు ఆమెనే చూశారు. తర్వాత కుర్చీలో నిటారుగా సర్దుకుని, వెనకటి ఆపరేటరు గొంతుతో, ఒక్కొక్క మాటా విడదీసి పలికారు.

"బల్ల. గొడుగు. నాణెం. ఏం, ఇవాళ అడగవా?"

ఎలుకల డాక్టరమ్మ ముందు తనను తాను తిట్టుకుంది. రోజూ అవే మాటలా! మాటలు మార్చాలని మొదటి సంవత్సరం కుర్రకుంకకైనా తెలుసే! అవే మాటలు పదే పదే అడిగితే మతి ఎంతుందో ఎలా తెలుస్తుంది? మాటలు అలవాటైపోతాయి, నేర్చేసుకుంటారు. పరీక్ష మొత్తం చెడగొట్టుకున్నాను కదా.

నేర్చేసుకుంటారు.

చెయ్యి లేచింది. టీ అంతా డ్రిల్లు మాస్టారి తెల్ల చొక్కామీద పడింది.

"నేర్చుకున్నారు! అత్తయ్యా, మీరు నేర్చుకున్నారు! ఒక్క మాట కూడా నిలవని మనిషి, మూడూ నేర్చేసుకున్నారు!"

"అందులో నా చొక్కా తప్పేముంది?" అన్నాడు మాస్టారు.

ఆమె వినడం లేదు. సముద్రంలోనూ ఇదే తప్పు చేశాం కదా! ప్రతి నెలా అవే ఎలుకలు, అదే పీట, అదే చోటు. మతిని కొలుస్తున్నామనుకుంటూ దానికి పాఠం చెప్పాం. మందు తిన్నవీ నేర్చుకున్నాయి, తిననివీ నేర్చుకున్నాయి. గట్టి పిండాలూ కాదు, గాడిదగుడ్డూ కాదు! ఈతే వాటిని నిలబెట్టిందేమో! ఆ సంగతి తేలాలంటే అన్ని విధాలా అలాంటివే అయి, ఎన్నడూ ఈదని ముసలి ఎలుకలు కావాలి. అలాంటివి ఎక్కడున్నాయి?

మూలగదిలో ఉన్నాయి. ఇవాళ పొద్దున్నే వెళ్ళిపోతున్నాయి.

ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి మొగుడి చెప్పు వేసుకుని పరుగెత్తింది. మేనేజరుకు ఫోను మీద ఫోను చేసింది, అవతల ఎవరూ ఎత్తలేదు. బస్సులో కండక్టరు టికెట్టు అడిగితే సోమరుల సంగతి మొదలుపెట్టింది. అతను టికెట్టు సంగతి మరిచిపోయి, "అయితే త్వరగా పోనివ్వమంటానమ్మా" అని డ్రైవరుకు కేక వేశాడు. ఆమె చేరేసరికి సంస్థ వెనక గేటు దగ్గర వ్యాను తలుపులు తెరిచి ఉన్నాయి. పంజరాలు లోపలికి ఎక్కుతున్నాయి. ఆమె వెళ్ళి చేతులు బార్లా చాపి వ్యాను ముందు నిలబడింది.

"మేడమ్, జరగండి! ఏమైందండీ మీకు?" అంది పంజరాల మేనేజరు.

"దింపెయ్యండి! అన్నీ దింపెయ్యండి!"

"ఇవి సోమరులు మేడమ్. ఇన్నాళ్ళూ ఏ పనీ చెయ్యలేదు. వీటితో మీకేం పని?"

"ఏ పనీ చెయ్యలేదు కాబట్టే కావాలి!"

గొడవ డైరెక్టరు గదికి చేరింది. లెక్కలాయన్నీ పిలిపించారు.

"మందు పనిచెయ్యలేదు కదండీ" అంది డైరెక్టరు.

"అస్సలు పనిచెయ్యలేదు!" అంది ఎలుకల డాక్టరమ్మ, ముఖం వెలిగిపోతుంటే. "ఎంత బాగుందో చూడండి!"

డైరెక్టరు నీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది. కథంతా విన్నాక లెక్కలాయన గడ్డం గోక్కున్నాడు. ఈతకు వెళ్ళినవి పాత పీట చోటు కంఠతా పట్టేసి ఉంటాయి, కనుక అది లెక్కలోకి రాదన్నాడు. పీట చోటు మార్చాలి. సోమరులతో సహా మూడు గుంపుల్నీ కలిపేసి నంబర్లు తనే మారుస్తాడు. ఈదని వాటినీ ముందు తనే, పీట లేకుండా, నీళ్ళకు అలవాటు చేసి ఇస్తాడు. ఏది ఏ గుంపుదో ఆమెకు తెలియకూడదు. ముఖ్యంగా పని పూర్తయ్యేదాకా ఆమె దీని గురించి ఎవరితోనూ మాట్లాడకూడదు.

"మొదటివన్నీ సరేనండీ. ఆ చివరిది ఆమె వల్ల అవుతుందా?" అంది డైరెక్టరు, ఆమె వైపు తిరిగి. "సంవత్సరాంతం సమావేశం దాకా గదులు మీవే. ఆ రోజు ఏమీ తేలకపోతే తాళాలు ఇచ్చెయ్యాలి."

అవతల సముద్రంలో పీట మారిన రోజుల్లోనే ఇవతల ఇంట్లో మాటలు మారాయి: గంట, దువ్వెన, నిమ్మకాయ. అత్తగారు మొదట బల్ల, గొడుగు అంటూ పాతవే చెప్పారు. తర్వాత గొడుగు, దువ్వెన అని కలగలిపారు. లాబ్‌లో కొన్ని ఎలుకలు కూడా పాత చోటుకే పోయి, అక్కడక్కడే తిరిగి, పీట ఏదంటూ తలెత్తి చూశాయి. కొద్ది ఈతల్లోనే కొత్త చోటు పట్టేశాయి. ఇంకొన్ని మాత్రం తొట్టి అంచు పట్టుకుని, చేత్తో ఎత్తేదాకా గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. ఆమెకు అరవాలనిపించింది. అరవకూడదు. నోటికి గుడ్డ కట్టుకున్నా ఉత్సాహం చేతుల్లోంచి బయటికొచ్చేది, తొట్టి చుట్టూ నేలంతా తడి తడి.

ఈత అయ్యాక అసలైన పని. మొగ్గలు చూడాలంటే ఎలుకలు చావాలి. ఆ పని ఆమె ఎవరికీ అప్పగించదు, తనే చేస్తుంది, ప్రతిసారీ తర్వాత కాసేపు కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడుతుంది. ఈసారీ నిలబడింది. తర్వాత మెదళ్ళను ఉల్లిపొర కన్నా పలచగా కోసి, రంగు పట్టించి, పలకలమీదికి ఎక్కించింది. పలకల అంచులమీది గుర్తులకు లెక్కలాయన కాగితం అంటించేశాడు. ఆమె, మరో ఇద్దరు సహోద్యోగులు విడివిడిగా కూర్చుని మొగ్గలు లెక్కపెట్టారు. కళ్ళు పొడిబారాయి, మెడలు పట్టేశాయి, ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

సమావేశం రోజు చీర మార్చుకునే ధ్యాస కూడా లేదు. డైరెక్టరు ముందుజాగ్రత్తగా టీ తెప్పించలేదు. లెక్కలాయన తెరమీద మొగ్గల లెక్కను, గుంపుకొకటి చొప్పున మూడు నిలువు గీతలుగా చూపించాడు. మొదటిదీ మూడోదీ సరిసమానంగా ఎత్తుగా నిలబడ్డాయి, రెండోది నేలబారుగా ఉంది. పీట వెతకడంలో కూడా ఇదే వరస. ఇక పేర్లు చెప్పడమే మిగిలింది. ఆమె కుర్చీ అంచున కూర్చుని రెండు చేతుల్నీ మోకాళ్ళ మధ్య ఇరికించుకుంది.

"మొదటి గుంపు, మందు ఉంది, ఈత ఉంది" అన్నాడాయన. కాగితం తిప్పాడు. "రెండోది... మందు లేదు, ఈత లేదు. సోమరులు." ఆగి, కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. "మూడోది మందు లేదు. ఈత మాత్రమే."

ఆమె కుర్చీ వెనక్కి పడిపోయింది. డైరెక్టరును కావలించుకుంది, లెక్కలాయన్ని కావలించుకోబోయి ఆగింది. తను నమ్ముకున్న మందు ఓడిపోయినట్టు ఇప్పుడు ఇంకా ఖాయమైంది, అయినా కాళ్ళు నేలమీద ఆనడం లేదు. ఎప్పుడో కాలేజీలో అడిగిన ప్రశ్నకు ఇన్నాళ్ళకు ఎవరో లోపల్నుంచి తలుపు తీసినట్టుంది.

"ఆగండాగండి" అన్నాడు లెక్కలాయన. "మొగ్గలు రాలకుండా నిలిచాయా, రాలి మళ్ళీ మొలిచాయా?"

"తెలియదు!" అంది ఆమె, గాల్లోకి చేతులెత్తి. "ఏమీ తెలియదు! అదే చూడాలి ఇప్పుడు! రెండేళ్ళు ఆగండి, కొత్త ఎలుకలు ముసలివవ్వాలి!"

డైరెక్టరు తాళాలగుత్తి బల్లమీద ఆమె వైపు జరిపింది. "చేపలకు వేరే గది చూస్తాలెండి" అంది.

ఇంటికి వచ్చేసరికి డ్రిల్లు మాస్టారు ఇంకా బడినుంచి రాలేదు. అత్తగారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. ఆమె చెప్పులు విప్పకుండానే వెళ్ళి ఆవిడ ముందు నేలమీద కూలబడింది.

"అత్తయ్యా, గెలిచాం! అంతా మీవల్లే! మీరు ఆ మూడు మాటలూ నేర్చుకోబట్టే!"

చెబుతుండగానే ఆమెకు అసలు సంగతి గుర్తొచ్చింది. ఎలుకల మొగ్గలు వేరు, మనుషుల జబ్బు వేరు. మూడు మాటలు నేర్చినంత మాత్రాన ఈ జబ్బు వెనక్కి పోదు. ఆమెకు అందరికన్నా బాగా తెలుసు. గెలిచి వచ్చిన రోజున కూడా ఆ సంగతి తెలిసి ఉండటం ఆమెకు బాధగా ఉంది.

అత్తగారు ఆమె చెంపమీద చెయ్యి వేశారు.

"నంబరు చెవిలో పడగానే లోపల మూడుసార్లు అనుకోవాలి. అదే మా పని" అన్నారు. "పొద్దున లేవగానే అనుకుంటూ కూర్చుంటాను. మొదట్లో నేను చెప్పలేకపోతే నువ్వు నవ్వేదానివి చూడు, ఆ నవ్వు నాకు నచ్చేది కాదమ్మాయ్. ఏడ్చినట్టుండేది. అందుకని నేర్చుకున్నాను."

ఇన్నాళ్ళూ తను ఆవిడ ముఖం చూస్తున్నాననుకుంది. ఆవిడే తన ముఖం చూస్తూ వచ్చారు. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, ఏది ముందు రానివ్వాలో తెలియక కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"రేపటికి కొత్తవి ఇవ్వు" అన్నారు అత్తగారు. "మూడు కాదు, నాలుగివ్వు. మా ఎక్స్ఛేంజిలో నంబర్లన్నీ నాలుగంకెలు. మూడిస్తే ఎక్కడికీ కలవదు."

"సరే అత్తయ్యా. నాలుగు. చాప..."

"చాప."

"నిచ్చెన..."

"నిచ్చెన."

"గాజు..."

"గాజు. ఇంకోటి?"

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత ధైర్యం చేసింది.

"కోడలు."

అత్తగారు ఆమెవైపు వింతగా చూసి తల అడ్డంగా ఊపారు.

"అది నాకు వచ్చు. కొత్తది చెప్పు."